పులికి పాస్‌పోర్టు

భువనేశ్వర్ విమానాశ్రయం బయటి గేటు నుంచి బరంపురంలో మా నాటక సంఘం గది మెట్ల వరకు నూట డెబ్బై రెండు కిలోమీటర్ల నాలుగు వందల మీటర్లు. అద్దె వ్యాను మధ్యాహ్నం ఒంటిగంటా నలభైకి బయలుదేరింది. ఖల్లికోట దాటాక టీ కోసం పదకొండు నిమిషాలు, ఛత్రపురం దగ్గర గేదెల మంద కోసం నాలుగు నిమిషాలు ఆగి, సాయంత్రం అయిదూ ఇరవై మూడుకు చేరింది. నేను వేసిన అంచనా అయిదూ ఇరవై. ఆ మూడు నిమిషాల తేడాకు నేను వ్యానులోని నలుగురు పోలండు అతిథులకూ విడివిడిగా క్షమాపణ చెప్పాను. దేనికో అర్థం కాకపోయినా వాళ్లు మర్యాదగా తల ఊపారు. ఆ వారంలో నా లెక్క దాదాపుగా సరిపోయింది రెండేసార్లు. ఇది మొదటిది. రెండోది సరిపోకుండా ఉంటే ఎంత బాగుండేదో ముందు ముందు తెలుస్తుంది.

నేను రోడ్ల ఇంజనీరును. ఏ కూడలిలో గంటకు ఎన్ని బళ్లు తిరుగుతాయో, ఎంతమంది నడుస్తారో లెక్కపెట్టి, ఆ లెక్కను గీతలుగా మార్చి పై అధికారికి పంపడం నా ఉద్యోగం. నాటకానికీ నాకూ ఉన్న సంబంధం మా చిన్నాన్న. మా నాన్నకు ఆఖరి తమ్ముడు, నాకంటే పదమూడేళ్లు పెద్ద, పెద్ద బజారులో బెల్లం, పప్పుల టోకు వ్యాపారి. నలభై ఏళ్లకు పైగా దుకాణం మూశాక నాటకం, నాటకం లేని రోజున దుకాణం, ఇదీ ఆయన జీవితం. సంఘం పెట్టింది ఆయనే. ప్రభుత్వం దగ్గర పైసా తీసుకోని సంఘం మాది. అందుకు గర్వపడతాం, లెక్కలు ముగించే ప్రతి మార్చిలోనూ బాధపడతాం. గది ఒక అప్పడాల గోదాము మీద ఉంటుంది. వానాకాలంలో రిహార్సలు చేస్తే మినపపిండి వాసన సంభాషణల్లోకి కూడా ఎక్కుతుంది. ఒక ఏడాది నేపాల్ నుంచి ఒక గారడీవాడు దారి తప్పినట్టుగా వచ్చి మా వేదిక మీద పావురాలను మాయం చేసి వెళ్లాడు. మరుసటి వారమే బోర్డు మీద 'అంతర్జాతీయ' అన్న మాట చేర్చాం. బోర్డులో చోటు చాలక ఆ మాట అక్షరాలను కుదించి రాయించింది నేనే, స్కేలు పెట్టి.

నన్ను సాంకేతిక కార్యదర్శిగా చేర్చింది చిన్నాన్న. ఇంట్లో లెక్కలు తెలిసిన మనిషి ఒకడు సాయంత్రాలు ఊరికే ఉండటం ఆయనకు సరుకు గోదాములో మగ్గినట్టు అనిపించిందట.

తర్వాత బోర్డులోని మాట నిజంగానే నిజమైంది. బయటి దేశాల చిన్న బృందాలతో ఉత్తరాలు నడిచాయి. వాళ్లు ఇక్కడికి వచ్చి ఆడతారు, మా పనిలో నచ్చినదాన్ని ఒక్కదాన్ని ఎంచి తమ ఊరికి పిలుస్తారు. ఈ నలుగురూ అలా వచ్చినవారే. బృందానికి పెద్ద ఒక పొడవాటి ఆవిడ, యాభై దాటిన మనిషి. తమ ఊళ్లో వేసవిలో జరిగే వీధి నాటకాల కూడికకు ఇక్కడి నుంచి ఏది పిలవాలన్నది ఆవిడ చేతిలోనే ఉంది.

ఆ పిలుపు కోసమే చిన్నాన్న పాస్‌పోర్టు తీశాడు, అరవై ఆరో ఏట. పిన్ని నాలుగు రోజులు నవ్వింది.

"బెల్లం బస్తా మీద కూకునే మనిసికి పాస్‌పోర్టేటి? ఇచ్ఛాపురం దాటనాకి కావాలేటి?"

ఆ ప్రశ్నకు జవాబు చిన్నాన్న నాకు చెప్పాడు, దుకాణంలో, తూకం వేస్తూ.

"సూడ్రా. ఇక్కడోళ్లు నన్ను మెచ్చుకుంటారు. ఏటంటే ఆళ్లకి నాను తెలుసు, నా బాస తెలుసు, అరువు కూడా ఇత్తాను. నానేటో తెలీనోళ్లు, నా మాట తెలీనోళ్లు, ఆళ్ల ముందు ఒక్కపాలి నిలబడాల. ఆళ్లకి బోదపడిందనుకో, నాకొచ్చింది నటనే. బోదపడనేదనుకో, నలభై ఏళ్లూ బెల్లమే అమ్మినానన్నమాట."

అరువు విషయంలో ఆయన అన్నది నిజం. ముందు వరుసలో కూర్చునే వాళ్లలో ఎక్కువమంది ఆయన ఖాతాదారులే.

అతిథులు రెండు తారీఖులు సూచించారు, జనవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి. మా సంఘం ఎప్పుడూ జనవరే ఎంచుకుంటుంది. నేను అడ్డుపడ్డాను. ఆ ఏప్రిల్‌లో ఠాకూరాణి యాత్ర ఉంది. రెండేళ్లకోసారి అమ్మవారు పుట్టింటికి వచ్చినట్టుగా నేతగాళ్ల వీధికి వస్తుంది, నెలరోజులు ఊరంతా రోడ్డు మీదే ఉంటుంది. సాయంత్రం ఆడవాళ్లు ఘటాలు నెత్తిన పెట్టుకుని ఊరేగుతారు. మొక్కుకున్నవాళ్లు శివుడో, రావణుడో, పులో, ఏదో ఒక వేషం కట్టి వీధులు తిరుగుతారు. అతిథులు తెచ్చేది వీధి నాటకం. బూడిదరంగు కోట్లు, తెల్లటి ముసుగులు వేసుకున్న నలుగురు మాట లేకుండా అతి నెమ్మదిగా వీధిలో నడుస్తారు. ఆ వింత చూసి జనం ఆగుతారు, వెంట నడుస్తారు, చివరికి ఆ జనమే నాటకం అవుతారు. జనం కావాలంటే జనం ఉన్నప్పుడే పెట్టాలి కదా అని నా వాదన. సంఘం సమావేశానికి గ్రాఫు తీసుకువెళ్లాను. యాత్ర రోజుల్లో బజారు రోడ్డు మీద నడిచేవాళ్ల సంఖ్య జనవరి కంటే ఎన్ని రెట్లో రెండు రంగుల్లో గీశాను.

చిన్నాన్న గ్రాఫును తిరగేసి, మళ్లీ సరిచేసి చూశాడు.

"ఒరే, రద్దీ ఏరు, జనం ఏరు. ఆపైన యాత్రలో ఏసం కట్టినోడ్ని ఈ ఊళ్లో ఎవుడాగి సూత్తాడ్రా? దారిత్తాడు, దండం ఎడతాడు, ఎల్లిపోతాడు."

"చిన్నాన్నా, ఇది కొలిచిన లెక్క."

"కొలిసినావు. ఆగినోళ్లని కొలిసినావా, నడిసినోళ్లని కొలిసినావా?"

అది చాలా సరైన ప్రశ్న. నా శాఖలో ఎవరూ అడగని ప్రశ్న. నేను దానికి 'శాంపిలింగు' అనే మాటతో జవాబిచ్చాను. మా సంఘంలో గ్రాఫుకు జాతకానికి ఉన్నంత గౌరవం ఉంది. ఏప్రిల్‌కే ఓట్లు పడ్డాయి.

వచ్చిన రోజు సాయంత్రం అతిథులు మా ఇంట్లో సామాను విప్పారు. ఆ కోట్లు అసలైన ఊలువి. ఒక్కొక్కటి రెండు కిలోల నాలుగు వందల గ్రాములు. తూచాను. గదిలో అప్పుడు ముప్పై అయిదు డిగ్రీలు. పిన్ని ఒక కోటును వేలితో తాకి చూసి, నా వైపు తిరిగి మెల్లగా అడిగింది.

"ఇంతుడుకులో ఇయ్యేసుకుని ఈదిలో తిరుగుతారా? పాపం, ఏ అమ్మోరికి మొక్కుకున్నారో."

నేను గట్టిగా నవ్వాను. ఆ నవ్వును వెనక్కి తీసుకునే వీలుంటే ఇప్పటికీ తీసుకుంటాను.

ముందు మా నాటకం, మర్నాడు వాళ్ల నడక అని ఏర్పాటు. మా నాటకం ఒక ఉప్పు మడి దగ్గరి తూకందారు కథ. జీవితమంతా పరుల ఉప్పు తూచిన ముసలివాడు చివరి సన్నివేశంలో తానే త్రాసులో కూర్చుని, రెండో తట్టలో ఏం వేస్తే తను సరితూగుతాడో ఊరిని అడుగుతాడు. ఆ ఇరవై నిమిషాల కోసమే చిన్నాన్న ఆ నాటకం ఎంచుకున్నాడు. అందులో మాటలు తక్కువ, మనిషి ఎక్కువ. భాష తెలియని ఆవిడకు ఏదైనా అందితే అక్కడే అందాలి.

త్రాసు తయారుచేసింది నేను. మామూలు సంఘంలో అయితే అట్టముక్కలతో చేసి వెండిరంగు పూస్తారు. నేను టేకు దూలంతో, ఇనుప కమ్మీతో, మనిషి కూర్చున్నా యాభై గ్రాముల తేడా చూపించే నిజమైన త్రాసు చేశాను. ప్రేక్షకులలో ఎవరూ యాభై గ్రాముల తేడాను పన్నెండు మీటర్ల దూరం నుంచి చూడలేరని నాకు తెలుసు. తెలిసీ చేశాను.

నాటకం ఆరింటికి. నిడివి రెండు గంటల అయిదు నిమిషాలు. అంటే ఎనిమిదీ అయిదుకు ముగియాలి. ఆ రోజు ఘటాల ఊరేగింపు మేము నాటకానికి అద్దెకు తీసుకున్న హాలు ముందు నుంచే వెళుతుంది. అది బయలుదేరే వేళ, దాని నడక వేగం, ప్రతి గడప ముందూ పసుపునీళ్లకు ఆగే సమయం, అన్నీ కలిపి లెక్కవేస్తే హాలు ముందుకు ఎనిమిదీ ఇరవై అయిదుకు వస్తుంది. మధ్యలో ఇరవై నిమిషాల జాగా ఉంది. ఆ జాగా నాకు ఎంతో అందంగా కనిపించింది.

ఆరింటికి హాలు నిండింది. అయిదూ యాభై ఎనిమిదికి నేను త్రాసు ముల్లు చూశాను. అది మధ్య గీతకు రెండు మిల్లీమీటర్లు ఎడమగా ఉంది. వేదిక చెక్కలు వాలుగా ఉన్నాయి. కాళ్ల కింద తగరపు రేకులు పెట్టడం మొదలుపెట్టాను. ఒక రేకు పెడితే కుడికి, తీస్తే ఎడమకు. తెర వెనక చిన్నాన్న తెల్ల గడ్డం, ఉప్పు పూసిన కాళ్లతో నిలబడి చూస్తున్నాడు.

"అయిందేట్రా?"

"ఒక్క నిమిషం."

"ఆ ముల్లెవుడికీ అవుపడదురా. నానే ముల్లు. నన్ను సూత్తారు."

"ఒక్క నిమిషం చిన్నాన్నా."

తెర ఆరూ ముప్పై ఎనిమిదికి లేచింది. ముల్లు గీత మీద వెంట్రుకవాసి తేడా లేకుండా నిలిచింది.

చిన్నాన్న ఆ రాత్రి నటించినట్టు నేను ఎప్పుడూ చూడలేదు. పొడవాటి ఆవిడ మొదట వీపు ఆనించి కూర్చుంది, గంట తర్వాత ముందుకు వంగింది. ఎనిమిదీ ఇరవై మూడుకు చివరి సన్నివేశం మొదలైంది. ఎనిమిదీ ఇరవై అయిదుకు, చిన్నాన్న ఒక కాలు తట్టలో పెట్టి, "నా ఎత్తు ఉప్పు ఈ ఊళ్లో" అన్నంతలో వీధి చివర డప్పులు వినబడ్డాయి. ఊరేగింపు నేను లెక్కించిన నిమిషానికే వచ్చింది.

బరంపురంలో ఘటాలు వెళుతుంటే కూర్చుని ఉండేవాళ్లు లేరు. ముందు వరుస లేచింది. తర్వాత వరుస, తర్వాత బాల్కనీ. ఎవరూ తొందరపడలేదు, ఎవరూ నాటకాన్ని చిన్నచూపు చూడలేదు. చెప్పులు విడిచి, తలుపు తీసుకుని, రోడ్డు మీదికి వెళ్లారు. పిన్ని అందరికంటే ముందు. వేదిక మీద ఉప్పు తూకందారు కాలు తట్టలోంచి తీసి, పక్క తలుపు గుండా గడ్డంతోనే వెళ్లి ఆడవాళ్ల వెనక చేతులు జోడించి నిలబడ్డాడు. నేనూ వెళ్లాను. వెళ్లకుండా ఉండవచ్చని నాకూ తోచలేదు. నలుగురు అతిథులు మాత్రం ఖాళీ హాల్లో మిగిలారు.

తిరిగి వచ్చేసరికి ఆవిడ వేదిక దగ్గరికి వచ్చి త్రాసును చూస్తోంది. ముల్లు సరిగ్గా గీత మీదే ఉంది.

"అందరూ ఎక్కడికి వెళ్లారు?" అని అడిగింది.

నా ఇంగ్లీషు ఆఫీసు కాగితాల మీద పెరిగింది. ప్రేక్షకుల ప్రవాహానికి తాత్కాలిక మళ్లింపు ఏర్పడిందని చెప్పాను.

హాల్లోకి తిరిగి వచ్చినవాళ్లు సగం కూడా లేరు. ఘటాల వెంట నడిచినవాళ్లు నడిచిపోయారు. చిన్నాన్న తట్టలో కాలు పెట్టి వాక్యం ఎక్కడ ఆగిందో అక్కడ అందుకున్నాడు. కానీ బయట దూరమవుతున్న డప్పు ప్రతి మౌనంలోనూ దూరుతోంది. ఆయన ఇరవై నిమిషాల సన్నివేశాన్ని తొమ్మిది నిమిషాల్లో ముగించి, త్రాసు దిగాడు. ఆవిడ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. అతిథులు కొట్టే చప్పట్లు నాకు తెలుసు. రోడ్డు ప్రారంభోత్సవాల్లో మేమూ అలాగే కొడతాం.

ఇంటికి నడుస్తూ చిన్నాన్న ఒక్క మాటే అన్నాడు.

"ముల్లు బాగా నిలబడిందిరా."

ఆయన వెటకారం ఆడాడా, మెచ్చుకున్నాడా అన్నది నేను ఇప్పటికీ తేల్చుకోలేదు. రెండూ అయి ఉండవచ్చు. టోకు వ్యాపారి ఒకే మాటతో రెండు ధరలు చెప్పగలడు.

మర్నాడు సాయంత్రం నడక. దారి ఆరు వందల నలభై మీటర్లు, వేగం నిమిషానికి ఎనిమిది మీటర్లు, మొత్తం ఎనభై నిమిషాలు. అయిదున్నరకు తెల్ల ముసుగులు, ఊలు కోట్లు బజారు రోడ్డు మీదికి దిగాయి. నేను స్టాప్‌వాచీతో పది మీటర్ల వెనక నడిచాను. మనుషులు నేను గ్రాఫులో గీసినంతమంది ఉన్నారు. ఇంకా ఎక్కువే ఉన్నారు. వాళ్లు ఆ నలుగురినీ చూశారు, పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు, చేతులు జోడించారు, వెళ్లిపోయారు.

మొదటి నూరు మీటర్లలోనే ఒక ఇల్లాలు చెంబుతో ఎదురొచ్చి పొడవాటి ఆవిడ పాదాల మీద పసుపునీళ్లు పోసింది. కోటు అంచు తడిసింది. రెండో మనిషి జేబులో ఒకాయన పది రూపాయల నోటు దోపాడు. ఒక తల్లి చంటిపిల్లను మూడో మనిషి ముసుగుకు ఆనించి తీసుకెళ్లింది. ముప్పై అయిదు నిమిషాల తర్వాత లెక్క చూస్తే, ఆగినవాళ్లు ముగ్గురు. వారిలో ఇద్దరు చెప్పు తెగి ఆగారు. మూడో ఆవిడ, పూలమ్మే ముసలమ్మ, నన్ను చెయ్యిపట్టి ఆపి ఎవరి బాగు కోసం ఈ మొక్కు అని ఒడియాలో అడిగింది. ఇది మొక్కు కాదు, నాటకం అన్నాను. ఆమె ఆ ఊలు కోట్లను, కారుతున్న చెమటను చూసి, నాటకానికైతే ఇంత కష్టం ఎవరు పడతారు నాయనా, దాచకు, అమ్మ తీరుస్తుందిలే అని నన్ను ఓదార్చింది.

ముసుగు కన్నాల్లోంచి పొడవాటి ఆవిడ నా వైపు చూసింది. ముసుగుకు ఏ భావమూ ఉండదంటారు. ఆ కన్నాలకు ఉంది.

అప్పుడు ఎదురుగా డప్పు మోగుతూ పులి వచ్చింది.

ఆ పులి చిన్నాన్న. ప్రతి యాత్రకూ ఒక సాయంత్రం ఆయన పులి. ఒంటినిండా పసుపురంగు, నల్ల చారలు, ఇత్తడి గజ్జెలు, నడుముకు తోక. భంజనగర్ వైపు నుంచి వచ్చే ఒక డప్పు మనిషి ప్రతిసారీ ఆయనకు తోడు. పొద్దున్న పిన్ని చారలు గీయడానికి మూడు గంటలు పడుతుంది. నాకు అయిదేళ్లప్పుడు టైఫాయిడ్ వచ్చి, ఇక దక్కడని డాక్టరు చెప్పిన రోజున పద్దెనిమిదేళ్ల చిన్నాన్న అమ్మవారికి మొక్కుకున్నాడట, వీడు లేస్తే బతికున్నంతకాలం నీ యాత్రలో పులినవుతానని. అందుకే మా ఇంట్లో ఆ పులిని ఎవరూ వేషం అనరు, బాకీ అంటారు. ఇప్పుడు ఆ పులికి అరవై ఏడేళ్లు, ఎడమ మోకాలు అరిగింది, గెంతులు తగ్గాయి.

పులి ముప్పై అడుగుల దూరంలో ఆగి నలుగురినీ చూసింది, తడిసిన కోటును చూసింది, వెనక స్టాప్‌వాచీ పట్టుకుని నిలబడ్డ నన్ను చూసింది. తర్వాత ఒక చెయ్యి పైకెత్తింది. డప్పు ఆగిపోయింది.

మా ఊళ్లో పులిని డప్పు లేకుండా ఎవరూ చూడలేదు. ఆ నిశ్శబ్దంలో పులి ఒక అడుగు వేసింది. వెయ్యడానికి ఎంతసేపు పట్టిందంటే, పాదం నేలను తాకేలోగా పక్కనున్న సైకిలువాడు దిగి నిలబడ్డాడు. ఇంకో అడుగు. పులి ఆ నలుగురి నడకను అందుకుంది. నిమిషానికి ఎనిమిది మీటర్లు. కొలిచాను కాబట్టి చెబుతున్నాను.

"బాఘొకు కొణొ హెలా?" అన్నాడొక కుర్రాడు. పులికి ఏమైందని.

"ఒంట్లో బాగునేదేమో," అంది వెనక నుంచి ఒక తెలుగు ఆడమనిషి. "డప్పు కూడా ఆపేసినారు."

"ఉండే, మాటాడకు. ఏటో సూత్తంది."

ఆగారు. దుకాణాల్లోంచి దిగారు, మేడల మీదికెక్కారు. నేను ముప్పై ఏళ్లుగా రోడ్డు మీద మనుషులను లెక్కపెడుతున్నాను. రోడ్డు మొత్తం ఒకేసారి ఊపిరి బిగబట్టడం ఏ యూనిట్‌లో కొలవాలో నాకు తెలియదు. రెండు వైపులా బళ్లు నిలిచిపోయాయి. ట్రాఫిక్ కానిస్టేబులు ఈల వేస్తూ వచ్చి, నన్ను గుర్తుపట్టి, మీరే ఇలా చేస్తే ఎలా సార్ అన్నాడు.

వాళ్ల నాటకం చివర నలుగురూ కోట్లు విప్పి ఎదుటివారికి అందిస్తారు. పొడవాటి ఆవిడ తన కోటు పులికి చాచింది. పులి దాన్ని వాసన చూసింది. చుట్టూ ఒకసారి తిరిగింది. తీసుకోలేదు. కోటు పక్కనే, దానికి తగలకుండా, ముందు కాళ్ల మీద తల ఆనించి పడుకుంది. ఆవిడ కోటు పట్టుకున్న చేతులు అలాగే ఉండిపోయాయి. చాలాసేపు ఎవరూ కదలలేదు. ఎంతసేపో చెప్పలేను, వాచీ నొక్కడం మరిచిపోయాను. తర్వాత పులి లేచి డప్పు మనిషి వైపు చూసింది. డప్పు మోగింది. పులి అరిగిన మోకాలితోనే ఒక గెంతు గెంతి, అమ్మవారి గుడి వైపు వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్న తొమ్మిదింటికి ఆవిడ సంఘం గదిలో నాకోసం కాచుకుని ఉంది. పదకొండుకు వాళ్ల వ్యాను. ఆ పులి ఎవరో కనుక్కోమంది. పులినీ డప్పు మనిషినీ తమ ఊరికి పిలుస్తున్నామని, ప్రయాణం, బస అంతా తమదేనని చెప్పింది.

"ఆ పులిని మీరు ముందురోజు చూశారు. ఉప్పు తూచాడు," అన్నాను.

ఆవిడ రెండు చేతులతో ముఖం కప్పుకుని నవ్వింది.

నేను స్కూటరు మీద ఎలా వెళ్లానో, ట్రాఫిక్ నియమాల రీత్యా, ఇక్కడ రాయను. చిన్నాన్న బెల్లం బస్తా మీద కూర్చుని ఉన్నాడు. చెవుల వెనక ఇంకా పసుపు మిగిలి ఉంది. విషయం చెప్పాను. ఆయన ముఖం వెలిగింది. నేను చూశాను, స్పష్టంగా వెలిగింది. తర్వాత తూకపు రాళ్లను ఒకదాని మీద ఒకటి సర్దడం మొదలుపెట్టాడు.

"ఉప్పు నాటకానికి కాదేట్రా?"

"కాదు. పులికి."

"పులి రాదురా."

"చిన్నాన్నా, పోలండు."

"ఇన్నానులే. అది యాత్రలో అమ్మోరి ముంగిట కట్టేది. టిక్కెట్టు పెట్టి కట్టేది కాదు."

"నిన్న వాళ్ల నాటకంలో కలిశావు కదా?"

"నిన్న యాత్రరా. ఈది అమ్మోరిది. ఈదిలోకొచ్చినోళ్లు అమ్మోరి సుట్టాలు. సుట్టాలు ఇబ్బందిలో ఉంటే పులాగి సూడదేటి?"

ఇక్కడ నేను మౌనంగా ఉండవలసింది. ఇంజనీరు మౌనంగా ఉండడు, ప్రత్యామ్నాయాలు సూచిస్తాడు. చారల వెడల్పు మారుద్దామన్నాను, రెండంగుళాలకు బదులు ఒక అంగుళం, అప్పుడది సాంకేతికంగా అదే పులి కాదు. పసుపు బదులు తెలుపు వేద్దామన్నాను, తెల్లపులి. చివరికి చిరుత అన్నాను, చారలే ఉండవు, చుక్కలే.

లోపలి గదిలోంచి పిన్ని అంది, "అమ్మోరికి టేపు సూపిత్తాడట. పిల్లి ఏసం కట్టించరా, ఇంకా సౌక."

చిన్నాన్న నవ్వాడు. తర్వాత నవ్వు ఆపి నా వైపు చూశాడు.

"నీ టైఫాయిడు నాటకం కాదు గదరా," అన్నాడు.

నేను స్కూటరు తాళంచెవి తీశాను.

చిన్నాన్న తానే వచ్చి చెబుతానన్నాడు. చొక్కా మార్చుకుని, పాస్‌పోర్టు పెట్టుకునే సొరుగు వైపు ఒకసారి చూసి, స్కూటరు వెనక ఎక్కాడు. గదిలో ఆవిడ ఎదుట నిలబడి తెలుగులోనే మాట్లాడాడు. నేను అనువదించాను. మొక్కు సంగతి, అది ఎవరి కోసమో ఆ సంగతి. ఆవిడ తల తిప్పి నన్ను పరీక్షగా చూసింది, పులి అంతటి దానికి కారణం ఇదా అన్నట్టు. నిజమే, పెట్టుబడికి తగిన సరుకు కాదు.

ఉప్పు నాటకం సంగతి నేనే ఎత్తాను. ఆవిడ దాచకుండా చెప్పింది. చివరి సన్నివేశం తను పూర్తిగా చూడలేదు, చూడనిదాన్ని పిలవలేనంది.

అనువదించాను. చిన్నాన్న తల ఊపాడు.

"నిజమే. సగం సూసిన సరుక్కి ఎవుడు బేరం సెప్తాడు? నానైనా సెప్పను." నా వైపు తిరిగి అన్నాడు, "ఒరే, ఒక్కటడుగు. నిన్న ఈదిలో, నానెవుడో తెలీనప్పుడు, ఆవిడకి బోదపడిందా?"

అడిగాను. నా ఇంగ్లీషులో అది ఎలా వినిపించిందో తెలియదు. ఆవిడ కుర్చీ జరిపి, అప్పడాల గోదాము మీది ఆ గచ్చు నేల మీద మోకాళ్లు, మోచేతులు ఆనించి, లేని కోటు పక్కన, దానికి తగలకుండా, చేతుల మీద తల ఆనించి పడుకుంది. సరిగ్గా పులి పడుకున్నట్టే.

చిన్నాన్న చూస్తూ నిలబడ్డాడు. తర్వాత వంగి, ఆవిడ ఎడమ మోచేతిని కొంచెం లోపలికి జరిపాడు.

"ఇలాగ," అన్నాడు. "బరువు ఈ పక్కకి."

వ్యాను పదకొండూ పద్నాలుగుకు కదిలింది.

ఖర్చులు, నష్టాలు ఇవి. వ్యాను రానుపోను మూడు వందల నలభై నాలుగు కిలోమీటర్ల ఎనిమిది వందల మీటర్లు, అద్దె సంఘానిది. హాలు ఒక సాయంత్రం, అందులో ముప్పై ఎనిమిది నిమిషాలు నావి. టేకు త్రాసు ఒకటి, గది మెట్లు ఎక్కక చిన్నాన్న గోదాములో ఉంది. తగరపు రేకులు ఏడు. ఊలు కోటు ఒకటి, పసుపు మరక పోక వాళ్లు ఇక్కడే వదిలేశారు. నా సంపాదిత సెలవు పదకొండు రోజులు. కానిస్టేబులు దగ్గర మర్యాద కొంత. చివరి సన్నివేశం పదకొండు నిమిషాలు. చిన్నాన్న పాస్‌పోర్టుకు రుసుము పదిహేను వందల రూపాయలు, పేజీలు ముప్పై ఆరు, ముద్రలు లేవు.